గుండీ అంటే

ఫిబ్రవరి 24, సోమవారం

ఆసుపత్రిలో ఐదో రోజు. లెక్కల పుస్తకం తెచ్చుకున్నాను గానీ బెంచీ మీద తల కింద పెట్టుకోవడానికి పనికొస్తోంది, అంతే. పరీక్షలకు ఇంకా రెండు వారాలు ఉన్నాయి. రెండు వారాలంటే చాలా రోజులు.

తాతయ్య కొలతలు రాసుకునే పుస్తకాల్లో ఇదొకటి, ఒక్క పేజీ కూడా వాడనిది. ఎవరికీ చెప్పుకోలేనివి ఇందులో రాసుకుందామని తెచ్చుకున్నాను. మొదటిది ఇది. గురువారం పొద్దున తాతయ్య చొక్కా గుడ్డ బల్ల మీద పరిచి సుద్దతో గీత గీస్తున్నాడు. నేను ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాను. నేరుగా పోవాల్సిన గీత పక్కకు జారింది. నా పదిహేడేళ్లలో తాతయ్య వంకర గీత గీయగా చూడలేదు. అందుకే నవ్వాను. "ఏంటి తాతయ్యా, ఈ చొక్కా పాముకా?" అన్నాను. అంతలోనే మనిషి బల్ల మీదికి ఒరిగిపోయాడు.

నవ్వానని అమ్మకు చెప్పలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మెదడులో రక్తం గడ్డకట్టిందట. కుడిచెయ్యి, కుడికాలు పట్టు తప్పాయి. నెమ్మదిగా వస్తాయన్నారు డాక్టరు. మాట గురించి మాత్రం చెప్పలేమన్నారు.

మాట పూర్తిగా పోలేదు. ఒక్కటి మిగిలింది. గుండీ.

నీళ్లు కావాలన్నా గుండీ. నర్సు సూది వేస్తే గుండీ. అమ్మను చూసి కళ్లనీళ్లు పెట్టుకుంటూ కూడా గుండీ అనే అన్నాడు. మాటలు నేర్పించే మేడం ఒకావిడ వచ్చి చూశారు. "ఆయనకు అన్నీ అర్థమవుతున్నాయమ్మా. చెప్పాల్సింది లోపల సిద్ధంగానే ఉంది, నోటిదాకా వచ్చే దారే చెడిపోయింది. ఏది చెప్పబోయినా ఆ ఒక్క మాటే బయటికొస్తోంది," అన్నారు.

నలభై ఏళ్లు దర్జీ పని చేసిన మనిషికి మిగలక మిగలక గుండీ మిగిలింది. కనీసం కత్తెర మిగిలినా నన్ను పిలిచినట్టుండేది. మాటకు అడ్డొస్తానని తాతయ్య నాకు పెట్టిన పేరు అది.

ఫిబ్రవరి 27, గురువారం

కనిపెట్టేశాను!

చివర సాగదీసి గుండీ... అంటే నీళ్లు. గబగబా రెండుసార్లు అంటే బాత్రూము. ముక్కుతో అంటే టీ. కళ్లు మూసుకుని విసుగ్గా అంటే కిటికీ తెర వెయ్యమని. నిన్న నర్సు మూడు రకాల మందులు చూపించి అవునా కాదా అని అడుగుతుంటే పాపం తల అటూ ఇటూ తిప్పుతున్నాడు. నేను వెళ్లి దిండు సర్దాను. అంతే, మెడ నొప్పి. ఆ నర్సు నన్ను చూసి "నువ్వు లేకపోతే ఈయన గతేమిటమ్మాయ్?" అంది.

అమ్మకు అర్థం కావడం లేదు. నాకొక్కదానికే అవుతోంది.

మార్చి 1, శనివారం

ఇంటికి వచ్చేశాం. లోపలి గదిలో మంచం వేస్తే తాతయ్య ఒప్పుకోలేదు. ముందుగదిలో, అంటే దుకాణంలో, కత్తిరింపు బల్ల పక్కనే వేయించుకున్నాడు. మూత వేసిన కుట్టుమిషను కనిపిస్తూ ఉండాలి కాబోలు.

అమ్మ సెలవులు అయిపోయాయి. బస్సు కండక్టరు ఉద్యోగం, మొదటి షిఫ్టు. ఐదున్నరకు వెళితే రెండింటికి వస్తుంది. నాన్న నాకు గుర్తు కూడా లేనంత చిన్నప్పుడే పోయాడు. మిగిలింది మేమిద్దరమే. అమ్మ ఉద్యోగానికి, నేను తాతయ్యకు. పరీక్షల రోజుల్లో మాత్రం ఇస్త్రీ బాబాయి వచ్చి కూర్చుంటానన్నాడు. వీధి చివర ఇస్త్రీ కొట్టు ఆయనది. తాతయ్య కుట్టిన ప్రతి చొక్కా ఆయన చేతి మీదుగా వెళ్లాల్సిందే. తాతయ్యకు ముప్ఫై ఏళ్ల స్నేహితుడు.

"నువ్వు పరీక్షలు తప్ప ఇంకేం పెట్టుకోకు బుర్రలో," అంది అమ్మ.

సరేనన్నాను.

మార్చి 5

చదవలేదు.

మార్చి 6

ఇవాళ కూడా. రేపటి నుంచి గట్టిగా.

మార్చి 10, సోమవారం

మొదటి పరీక్ష, భాష. అమ్మ ఎలాగో ఒక్కరోజు సెలవు తెచ్చుకుంది. బాగానే రాశాను. "నాకు ఆదర్శమైన వ్యక్తి" అని వ్యాసం వచ్చింది. తాతయ్య గురించి రాయాలనిపించింది గానీ, మార్కులు పడవేమోనని ఒక శాస్త్రవేత్త గురించి రాశాను. ఆయన పుట్టిన సంవత్సరం కూడా ఊహించి వేశాను.

ఇంటికొచ్చి చెప్తే తాతయ్య ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుని ఊపాడు.

మార్చి 11, మంగళవారం

లెక్కల మేడం చివరిసారిగా క్లాసు పెట్టారు. రెండు గంటలే కదా, ఎల్లుండి లెక్కల పరీక్షప్పుడు ఎలా ఉంటుందో తెలుస్తుందని బాబాయిని కూర్చోబెట్టి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి తాతయ్య పంచె తడిసిపోయి ఉంది. ఒళ్లో గుండీల డబ్బా. మంచం నిండా గుండీలు, తెల్లవి, నల్లవి, కోటు గుండీలు. బాబాయి గోడకు ఆనుకుని చేతులు నలుపుకుంటున్నాడు.

"గుండీ గుండీ అన్నాడమ్మా. ఇచ్చాను. విసిరికొట్టాడు. ఇవి కావేమో అనుకుని ఇంకో డబ్బా ఇచ్చాను. అంతలో..."

బాబాయి ఏడ్చేలా ఉన్నాడు. తాతయ్య ఏడుస్తున్నాడు, చప్పుడు లేకుండా, గోడవైపు తిరిగి. కాస్త మడత నలిగినా ఊరుకోని మనిషి. రోజూ ఏడింటికల్లా స్నానం చేసి, చొక్కా చేతులు సమంగా మడుచుకుని కూర్చునే మనిషి.

బాబాయిని పంపించేసి పంచె మార్చాను. నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను, తాతయ్యా తిప్పుకున్నాడు. గుండీలు ఏరుతుంటే ఒకటి మిషను కిందికి దొర్లిపోయింది. తీయలేదు.

అమ్మకు చెప్పొద్దని బాబాయికి చెప్పాను. బాబాయి కూడా వద్దనే అన్నాడు.

మార్చి 13, గురువారం

రాయలేదు.

సాయంత్రం.

ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను. పొద్దున ఎనిమిదింటికి బాబాయి కొట్టుకు వెళ్లి "అమ్మ ఇవాళ కూడా సెలవు పెట్టింది బాబాయ్, నువ్వు రానక్కర్లేదు," అన్నాను. అమ్మకు నిన్ననే చెప్పాను, బాబాయి వస్తాడని. ఇద్దరికీ రెండు అబద్ధాలు, రెండూ చిన్నవే. బాబాయి ముఖం ఎంత తేలికపడిందో! "మంచిదమ్మా, మంచిదమ్మా," అంటూ నాకు దణ్ణం పెట్టినంత పని చేశాడు.

తాతయ్య తొమ్మిదింటికి గడియారం చూశాడు. నన్ను చూశాడు. తొమ్మిదిన్నరకు మళ్ళీ చూశాడు. "ఇవాళ లేదు తాతయ్యా, వాయిదా పడింది," అన్నాను. చాలాసేపు నా వైపే చూస్తూ ఉన్నాడు.

పదింటికి గబగబా రెండుసార్లు అన్నాడు. వెంటనే తీసుకెళ్లాను. పొడిగా, శుభ్రంగా తిరిగొచ్చి పడుకున్నాడు. చూశావా మరి, నేను ఉన్నాను కాబట్టే.

ఒంటిగంటన్నరకు యూనిఫాం వేసుకున్నాను. రెండింటికి అమ్మ వచ్చింది.

"ఎలా రాశావే కత్తెరా?"

"ఫరవాలేదు."

"ప్రశ్నపత్రం ఏదీ?"

"వెనక్కి తీసేసుకున్నారు."

ఒక్క పరీక్షే. మిగతావి రాస్తాను. ఒక్కటి తర్వాతైనా రాసుకోవచ్చు.

మార్చి 14

దుకాణం ఫోన్‌కి లెక్కల మేడం మూడుసార్లు చేశారు. బడిలో ఇచ్చిన నంబరు ఇదే. ఎత్తలేదు. ఎవరైనా చొక్కా కోసం చేసుంటారని అమ్మతో అన్నాను.

మార్చి 17, సోమవారం

భౌతికశాస్త్రం. ఈసారి తప్పకుండా వెళ్దామనే అనుకున్నాను. తాతయ్యకు దగ్గు వచ్చింది. రెండుసార్లు. జ్వరం కూడా వస్తుందేమో అనిపించింది. రాలేదు.

బాబాయికి మొన్నటి అబద్ధమే మళ్ళీ చెప్పాను. ఒంటిగంటన్నరకు యూనిఫాం వేసుకుంటుంటే తాతయ్య లేచి కూర్చున్నాడు. నేను దువ్వెన తీసుకుంటే చూస్తున్నాడు, బ్యాగు తగిలించుకుంటే చూస్తున్నాడు. నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

అమ్మ గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగుతూ మొదలుపెట్టాడు. గుండీ, గుండీ, గుండీ! ముఖం ఎర్రబడిపోయింది. వేలు నా వైపు, గడియారం వైపు, మళ్ళీ నా వైపు.

"ఏమంటున్నాడే నాన్న?" అంది అమ్మ.

నాకు తెలుసు ఏమంటున్నాడో. ఇది బడికి వెళ్లలేదు అంటున్నాడు.

"టీ కావాలట," అన్నాను.

అమ్మ టికెట్ల సంచి కూడా దించకుండా టీ పెట్టింది. తాతయ్య తాగలేదు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని చొక్కా పరీక్షగా చూసింది. "నిజంగానే గుండీ వదులైంది చూడు! కళ్లు మాత్రం పోలేదు దర్జీగారికి," అని నవ్వి, అక్కడే సూది దారం తీసి బిగించింది. తాతయ్య మంచం కోడు మీద ఎడమ అరచేత్తో కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత ఊరుకున్నాడు.

అమ్మ అంత దగ్గరగా నిలబడి దారం పళ్లతో తెంపుతుంటే తన జుట్టులోంచి బస్సు వాసన వచ్చింది. డీజిలూ, చెమటా. నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన వాసన.

మార్చి 18

తాతయ్యకు ఈ మధ్య అప్పుడప్పుడూ అయోమయంగా ఉంటోంది. డాక్టరుకు చెప్పాలి.

మార్చి 20, గురువారం

రసాయనశాస్త్రం. వెళ్లి ఏం ప్రయోజనం? రెండు పోయాక మిగతావి రాసినా తప్పినట్టే కదా.

మధ్యాహ్నం మళ్ళీ అదే గొడవ. ఈసారి క్యాలెండరు కూడా చూపించాడు. "తేదీ అడుగుతున్నాడేమో," అంది అమ్మ. "ఇరవై నాన్నా, గురువారం," అని చెవి దగ్గర గట్టిగా చెప్పింది, చెవుడు వచ్చినవాళ్లకు చెప్పినట్టు. తాతయ్య నా వైపు చూశాడు. కోపంగా చూసినా బావుండేది. నువ్వు చెప్పు అన్నట్టు చూశాడు.

"టీ," అన్నాను.

మార్చి 22

తాతయ్య ఇవాళ నడిచాడు! బల్ల అంచు పట్టుకుని, తర్వాత మిషను పట్టుకుని, ఏడు అడుగులు. నేను చప్పట్లు కొట్టాను. నన్ను చూడలేదు.

మార్చి 24, సోమవారం

ఇవాళ చాలా రాయాలి.

చివరి పరీక్ష, జీవశాస్త్రం. ఎనిమిదిన్నరకు తాతయ్య మాత్రలు అయిపోయాయని మలుపులో ఉన్న మందుల షాపుకు వెళ్లాను. ఇంట్లో వేసుకునే గౌనుతోనే. పది నిమిషాలు కూడా పట్టలేదు. తిరిగొచ్చేసరికి తలుపు మూసి ఉంది. తోశాను. లోపల గడియ.

గుమ్మం మెట్టు మీద నా స్కూలు బ్యాగు ఉంది. దాని మీద యూనిఫాం, మడత పెట్టి. ఒంటిచేత్తో మడిచాడు కాబోలు, ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. పైన హాల్ టికెట్.

"తాతయ్యా! తలుపు తియ్యి!"

లోపల్నుంచి గుండీ అని వినిపించింది. తలుపుకు అటు పక్కనే ఉన్నాడు. వెళ్లు అని అర్థం. అది ఎవరికైనా అర్థమవుతుంది.

"పడిపోతావు తాతయ్యా, మంచం మీదికి వెళ్లు. తలుపు తీస్తే వెళ్తాను. ఒట్టు."

"గుండీ."

బతిమాలాను. తిట్టాను. నాకోసం కాదు నీకోసమే మానేశాను అని కూడా అన్నాను, తలుపుకు నోరు ఆనించి. తర్వాత మెట్టు మీద కూర్చున్నాను. ఆయన పడిపోతే చప్పుడు వినిపించాలని చెవి తలుపుకే పెట్టాను. ఊపిరి వినిపిస్తోంది. నిలబడే ఉన్నాడు. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. తొమ్మిదిన్నర దాటే ఉంటుంది, బాబాయి ఏదో చొక్కా పట్టుకుని అటుగా వచ్చాడు.

"అదేంటమ్మా? ఇవాళ పరీక్ష లేదూ? మీ అమ్మ ఇంట్లో లేదా?"

అంతా చెప్పేశాను. బాబాయి నోరు తెరుచుకుని విని, తలుపు దగ్గరికి వెళ్లి "ఒరేయ్, ఇప్పుడే వచ్చి నేను ఇక్కడ కూర్చుంటాను. నువ్వు వెళ్లి మంచం మీద కూర్చో. పిల్లని పంపిస్తున్నా," అన్నాడు. లోపల నెమ్మదిగా కాలు ఈడ్చిన చప్పుడు. ఆయన వెళ్లి కూర్చున్నాడని తెలిశాక గానీ నాకు కాళ్లు ఆడలేదు.

బాబాయి కొట్టులో తెర వెనక యూనిఫాం వేసుకున్నాను. పాపం బాబాయి అలవాటు కొద్దీ చొక్కా చేతిలోకి తీసుకుని ఇస్త్రీపెట్టె కోసం చూస్తున్నాడు. "ఇప్పుడు ఇస్త్రీ ఎందుకు బాబాయ్!" అని అరిచాను.

పరుగెత్తాను. బడి గేటు దగ్గర గడియారం పది దాటి ఎనిమిది నిమిషాలు. పదింటి తర్వాత ఎవర్నీ రానివ్వరు. కాపలాదారు గడియారం చూపించి చేతులు అడ్డంగా ఊపాడు. గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ఇన్నాళ్లూ నా ఇష్టంతో వెళ్లలేదు కదా, అప్పుడేమీ అనిపించలేదు. ఇవాళ రానివ్వకపోతే మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను.

లెక్కల మేడం బయటికి వచ్చారు. తిడతారనుకున్నాను. చేతిరుమాలు ఇచ్చి, "ఫోన్ ఎందుకు ఎత్తలేదు?" అన్నారు. అంతకుమించి అక్కడ ఏమీ అడగలేదు. తన డ్యూటీ అయ్యేదాకా నన్ను ఉపాధ్యాయుల గదిలో కూర్చోబెట్టి, తర్వాత నాతోపాటు మా ఇంటికి నడిచి వచ్చారు.

తలుపు తీసే ఉంది. బాబాయి, తాతయ్య మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. మాట్లాడుకోకుండా, బస్సు కోసం చూసేవాళ్లలాగా.

రెండింటికి అమ్మ వచ్చింది. మేడం చెప్పారు. నేను మిషను పక్కన నిలబడి దాని చక్రం చూస్తున్నాను. అంతా విన్నాక అమ్మ నా దగ్గరికి వచ్చింది.

"అయితే నాన్న ఇన్నాళ్లూ నాకు ఇదే చెప్తున్నాడా?"

తలూపాను.

"నీకు తెలుసా?"

తలూపాను.

"తెలిసే టీ అన్నావా?"

దానికి కూడా తలూపాను.

"పరీక్షలు పోతే పోయాయి. మళ్ళీ రాసుకోవచ్చు. ఆయనకున్నదే ఒక్క మాట. ఆ మాట నీ చేతిలో పెట్టుకుని, నీకు కావలసిన అర్థం చెప్పావే! మా నాన్న నాకు మొర పెట్టుకుంటుంటే, నేను టీ పెట్టి ఊది ఊది తాగించానే!"

ఆ మాట అంటూనే అమ్మకు ఏడుపు వచ్చింది. కొట్టినా తట్టుకునేదాన్ని. అమ్మ వెళ్లి తాతయ్య కాళ్ల దగ్గర కూర్చుని, ఆయన మోకాలి మీద తల పెట్టుకుంది. తాతయ్య ఎడమచెయ్యి అమ్మ తల మీద వేశాడు. నా తల మీద వెయ్యలేదు.

మార్చి 25

జూన్‌లో మళ్ళీ పరీక్షలు పెడతారట. ఆసుపత్రి కాగితాలు జతచేసి అర్జీ పెట్టాలి. ఒప్పుకుంటారో లేదో. ఒప్పుకోకపోతే సంవత్సరం పోయినట్టే. అమ్మ అర్జీ రాసి నాకు చదివి వినిపించింది. "ఇంట్లో పెద్దవాళ్లు గమనించుకోకపోవడం వల్ల" అని రాసింది. అది కొట్టెయ్యమన్నాను. కొట్టెయ్యలేదు.

మార్చి 26

తాతయ్య నన్ను చూడడు. నీళ్లిస్తే తాగుతాడు, గోడవైపు చూస్తూ.

మార్చి 28, శుక్రవారం

అమ్మ వెళ్లాక మంచం ముందు కింద కూర్చున్నాను. "తాతయ్యా, నువ్వేమంటున్నావో నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే మార్చి చెప్పాను," అన్నాను. క్షమించమని అడగాలనుకున్నాను గానీ ఆ మాట రాలేదు. దారి చెడిపోవడం అంటే ఇలాగే ఉంటుందేమో.

గోడవైపు చూస్తూనే "గుండీ," అన్నాడు.

ఎప్పటిలా లేచి పరుగెత్తబోయి ఆగాను. "ఏంటి తాతయ్యా? నీళ్లా?" కాదని తల ఊపాడు. "బాత్రూమా? కిటికీయా?" కాదు. "నాకు తెలీడం లేదు. నువ్వే చూపించు."

అలమరలో ఉన్న లెక్కల పుస్తకం చూపించాడు. తెచ్చాను. కత్తిరింపు బల్ల మీద అరచేత్తో తట్టాడు. ఇక్కడ కూర్చో అని. కూర్చున్నాను. ఒక లెక్క చేశాను, తప్పు వచ్చింది. తలెత్తి చూస్తే నన్నే చూస్తున్నాడు. ఆరోజు నుంచి మొదటిసారి.

ఏప్రిల్ 6, ఆదివారం

మాటల మేడం సలహా మీద అమ్మ ఒక అట్ట తెచ్చింది. తాతయ్యకు కావాల్సినవన్నీ బొమ్మలు గీసి గోడకు తగిలిస్తే, వేలితో చూపిస్తాడు, ఎవరికైనా అర్థమవుతుంది. బొమ్మలు బాబాయి గీశాడు. నీళ్ల గ్లాసు బాగుంది. ఫ్యాను పువ్వులా ఉంది. బాత్రూముకు గీసిన మనిషిని చూసి అమ్మ "ఈయన యుద్ధానికి వెళ్తున్నాడా?" అంది. తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వు మాత్రం ఆసుపత్రికి ముందు ఎలా ఉండేదో అలాగే ఉంది.

నాకు ఆ అట్ట నచ్చలేదు.

ఏప్రిల్ 9

బాబాయి ఇవాళ రెండు గంటలు ఒక్కడే ఉన్నాడు. ఏమీ కాలేదు. అన్నీ తాతయ్యే అట్ట మీద చూపించాడట.

ఏప్రిల్ 21

ఒప్పుకున్నారు! నాలుగు పరీక్షలూ జూన్‌లో. కాగితం అమ్మ చేతికే వచ్చింది. తన బస్సు ప్రయాణికులందరికీ చెప్పిందట. ఒక ముసలాయన "మా మనవడు కూడా తప్పాడమ్మా," అన్నాడట. "మా పిల్ల తప్పలేదండీ, రాయలేదు," అని దారంతా ఆయనతో వాదించిందట.

లెక్కల మేడం వారానికి మూడు సాయంత్రాలు వచ్చి చెప్తానన్నారు.

మే 12, సోమవారం

తాతయ్యకు రెండో మాట వచ్చింది. కాదు. పొద్దున్నుంచీ అన్నిటికీ కాదు. టీయా? కాదు. స్నానమా? కాదు. వద్దా? కాదు. "ఇన్నాళ్లకు మాట వచ్చిందనుకుంటే, అది కాదనడానికే వచ్చింది," అంటోంది అమ్మ. తాతయ్యకు గర్వంగా ఉంది. మేడం నాకు లెక్క సరిచేస్తుంటే కూడా మంచం మీద నుంచి "కాదు" అన్నాడు. నిజంగానే అక్కడ గుర్తు తప్పింది. యాదృచ్ఛికమే, కానీ మేడం లేచి దణ్ణం పెట్టారు.

జూన్ 8, ఆదివారం

రేపు లెక్కలు. చదవాల్సింది చదివాను. ఒకటి రాసుకోవాల్సింది మిగిలింది.

మార్చి పదమూడున తాతయ్య కోసమే ఉండిపోయాను. తడిసిన పంచెతో ఆయన్ని చూశాక వెళ్లలేకపోయాను. అది నిజం. పదిహేడున మాత్రం ఆయన కోసం కాదు. చదవలేదు, భయం వేసింది. ఆయనకు దగ్గు వస్తే బావుండునని పొద్దున్నుంచీ ఎదురుచూశాను. వచ్చింది. ఇరవైన నాకు హాయిగా కూడా అనిపించింది. ఈ ఇంట్లో నేను లేకపోతే ఒక మనిషికి నీళ్లు కూడా అందవు అనుకుంటే, ఏ ప్రశ్నకూ జవాబు రాయకుండానే మార్కులన్నీ నాకే వచ్చినట్టుండేది. అందుకే ఆ అట్ట చూస్తే ఒళ్లు మండింది.

ఇప్పుడు మండదు. కొంచెం మండుతుంది.

జూన్ 9, సోమవారం

బాబాయిని రావద్దని చెప్పింది తాతయ్యే. కాదు, కాదు, కాదు అని తలుపు చూపించాడు. తనొక్కడే ఉంటాడట. నేను అమ్మను చూశాను, అమ్మ నన్ను చూసింది. "సరే నాన్నా," అంది అమ్మ. తనకు ఇవాళ రెండో షిఫ్టు, పదింటిదాకా ఇంట్లోనే ఉంటుంది. తర్వాత నేను వచ్చేదాకా మూడు గంటలు.

పరీక్ష హాల్లో మొదటి పది నిమిషాలు ఏమీ రాయలేకపోయాను. ఈపాటికి అమ్మ వెళ్లిపోయి ఉంటుంది, ఈపాటికి ఆయనకు దాహం వేస్తుంది అని లెక్కపెడుతూ కూర్చున్నాను. తర్వాత ముందు బెంచీలో ఒకడు అదనపు కాగితం అడిగాడు. అప్పుడే అదనపు కాగితమా! ఒళ్లు మండి కలం తీశాను. చివరి గంట కొట్టేదాకా తల ఎత్తలేదు. ఒక్కటి వదిలేశాను. మిగతావన్నీ రాశాను. ప్యాస్ అవుతాను. బాగానే అవుతాను.

బయటికి వచ్చేసరికి అమ్మ బస్సు బడి ముందు స్టాపులో ఆగి ఉంది. వెళ్లాల్సిన టైము దాటిపోయినట్టుంది, డ్రైవరు హారన్ కొడుతున్నాడు. అమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి, చేత్తో "ఎలా?" అని అడిగింది. బొటనవేలు ఎత్తి చూపించాను. అమ్మ గట్టిగా విజిల్ వేసింది. లోపలున్నవాళ్లందరూ కిటికీల్లోంచి నన్ను చూశారు. ఎవరో చెయ్యి ఊపారు కూడా. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికి ఎలా వచ్చానో తెలీదు, పరుగో నడకో. తలుపు దగ్గరికి వేసి ఉంది. తాతయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"బాగా రాశాను తాతయ్యా. నిజంగా."

నా ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసి, నమ్మాడు.

"నీకు ఇబ్బంది అయిందా?"

"కాదు," అన్నాడు.

లోపలికి వెళ్లాను. పొద్దున నేను మూతపెట్టి వెళ్లిన భోజనం లేదు. తనే లేచి, పెట్టుకుని తిన్నాడు. కంచం కడిగి కుళాయి పక్కన బోర్లించాడు కూడా. ఎడమచేత్తో కడిగినట్టున్నాడు. అంచు చుట్టూ మెతుకులు అలాగే అంటుకుని ఉన్నాయి.

చెయ్యి కంచం దాకా వెళ్లింది. మళ్ళీ కడగలేదు. ఆయన బోర్లించినట్టే ఉంచి, వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.